వచ్చి తగ్గిన మనిషి

మా నాన్న మండపేటలో ఒక రైస్‌మిల్లులో కాటా గుమాస్తాగా పనిచేసేవారు. ధాన్యం లారీ లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, ఖాళీ అయి వెళ్ళేటప్పుడు ఒకసారి తూకం చూసి చీటీ రాసివ్వడం ఆయన పని. మర ఆడుతున్నంతసేపూ పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. అందుకని అక్కడ అందరూ అరిచే మాట్లాడుకుంటారు. ఆ అలవాటు ఆయనతోపాటు ఇంటికి కూడా వచ్చేసింది. మంచినీళ్ళు అడిగితే వీధి చివరిదాకా వినపడేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆయనకి దేనికో కోపం వచ్చిందనుకుని కుర్చీలోంచి లేచి నిలబడేవారు. అది కోపం కాదు. ఆయన గొంతే అంత.

దగ్గు కూడా అలాంటిదే. తవుడు దుమ్ము పీల్చి పీల్చి ఆయనకి ఏడాది పొడుగునా ఒక పొడి దగ్గు ఉండేది. మేం దాన్ని గడియారం చప్పుడులా వింటూ వదిలేసేవాళ్ళం. అందుకే, తొంభైల చివర్లో ఒక వానాకాలం, నేను పురిటికి పుట్టింటికి వచ్చి ఉన్న రోజుల్లో, ఆయనకి ఫ్లూ జ్వరం పట్టుకున్న సంగతి మాకు వెంటనే తెలియలేదు. అమ్మ మజ్జిగ గ్లాసు అందిస్తూ చెయ్యి తగిలి, "ఇదేంటండీ, ఒళ్ళు పేలిపోతోంది!" అన్నాకే తెలిసింది.

ఊరంతా అదే జ్వరం. మిల్లులో ముఠా కూలీలు సగానికి సగం పడుకున్నారు. నాకు నెలలు నిండాయి. నాన్న మాతో ఏమీ చర్చించలేదు. దుప్పటీ, చెంబూ తీసుకుని మిల్లులో గుమాస్తాల గదికి వెళ్ళిపోయారు. చెల్లి అప్పుడు ఇంటర్ చదువుతోంది. అది రోజూ కాలేజీకి వెళ్ళేటప్పుడు ఆయన క్యారేజీ మిల్లు గేటు దగ్గర ఇచ్చి వెళ్ళేది.

ఆయన అక్కడుండగానే పాప పుట్టింది. మా ఆయనకి విశాఖపట్నంలో ఉద్యోగం. కబురందుకుని వచ్చి, రెండు రోజులుండి, సెలవు లేక వెళ్ళిపోయారు. నాన్న ఆసుపత్రి లోపలికి రాలేదు. వానలో గొడుగు వేసుకుని కిటికీ అవతల నిలబడి, "ఏదీ, చూపించు!" అని ఒక్క కేక వేశారు. వార్డులో పసిపిల్లలందరూ ఉలిక్కిపడి ఏడుపు మొదలుపెట్టారు. నర్సు పరుగెత్తుకొచ్చి, "ఏంటండీ ఆ కేకలు? ఇది ఆసుపత్రండీ" అంది. ఆయన కిటికీ ఊచల్లోంచి కాసేపు చూసి వెళ్ళిపోయారు.

నేను ఇంటికి వచ్చేసరికి ఆయన జ్వరం పూర్తిగా తగ్గింది. ఆయనా ఇంటికి వచ్చారు. కానీ పాప దగ్గరికి రాలేదు. అది జ్వరం వల్ల కాదు. చంటిపిల్లలంటే ఆయనకి మొదటినుంచీ దూరమే. నా చిన్నతనం సంగతి అమ్మ నవ్వుతూ చెప్పేది. "నిన్ను ఎత్తుకోమంటే, మెడ నిలవనియ్యి, అన్నారు. మెడ నిలిచాక, నడక రానియ్యి, అన్నారు. నడక వచ్చాక, ఇంకెందుకే, అదే నడుస్తోందిగా, అన్నారు."

పాపకి ఇంకా నెల నిండకుండానే చెల్లి కాలేజీ నుంచి తుమ్ముకుంటూ వచ్చింది. మర్నాటికి అమ్మ మంచమెక్కింది. ఆ తర్వాత నేను. ముందు గొంతులో గరగర, తర్వాత కీళ్ళు పట్టేసినట్టు ఒళ్ళునొప్పులు, సాయంత్రానికి కళ్ళు తెరవలేనంత జ్వరం. పక్కలో పాప. అది తుమ్మిందా, దగ్గిందా అని నేను ఊపిరి బిగబట్టి వింటూ పడుకున్నాను.

నాన్న రిక్షాలు తెచ్చి మమ్మల్ని డాక్టరమ్మ గారి దగ్గరికి తీసుకెళ్ళారు. నాకు పురుడు పోసింది ఆవిడే. పెద్దావిడ. తొందర లేని మనిషి. పాప గుండెల మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు.

"దీనికింకా ఏమీ లేదు. కానీ ఇంత పసిగుడ్డుకి ఇది పట్టుకుంటే ఊపిరికి ఇబ్బంది పడుతుంది," అన్నారు. "పాలు మానకండి. మీ పాలల్లో దానికి కొంత రక్షణ కూడా వెళుతుంది. మూతికీ ముక్కుకీ గుడ్డ కట్టుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని ఇవ్వండి. తాగడం అయిపోగానే మీ పక్కలోంచి తీసేయాలి. ఇంట్లో ఇంకెవరున్నారు ఎత్తుకోడానికి?"

"అమ్మకీ చెల్లికీ కూడా ఇదేనండీ," అన్నాను.

"ఎవరికైనా ఇదివరకే వచ్చి తగ్గిపోయిందా?"

మేం ముగ్గురం ఒక్కసారే గుమ్మం వైపు చూశాం. నాన్న బయట గొడుగులోంచి నీళ్ళు దులుపుతున్నారు.

"మా వారికి వచ్చి తగ్గిందండీ," అంది అమ్మ సందేహంగా.

డాక్టరమ్మ గారు ఆయన్ని లోపలికి పిలిచి, జ్వరం పోయి ఎన్నాళ్ళయిందని అడిగారు.

"మూడు వారాలు దాటిందండి. ఈ దగ్గు మిల్లు దగ్గండి, దీన్ని లెక్కెయ్యకండి."

ఆవిడ ఆయన వీపు మీద కూడా స్టెతస్కోపు పెట్టి విని తలూపారు. "అవును, ఇది దుమ్ము దగ్గే. అయితే పాపని మీరే చూసుకోవాలండీ."

"నేనాండీ?" అన్నారు నాన్న. ఆ గొంతుకి పాప అదిరిపడి ఏడ్చింది.

"మీరే. ఊళ్ళో తిరుగుతున్నది అంతా ఒకటే జ్వరంలా ఉంది. అది మీకు వచ్చి తగ్గింది కాబట్టి మీ ఒంటికి దాన్ని గుర్తుపట్టి తరిమేయడం తెలుసు. ఇంత తొందరగా మళ్ళీ మీకు వచ్చే అవకాశం చాలా తక్కువ. ఒకటే జాగ్రత్త. వీళ్ళని ముట్టుకున్న చేతుల్తో పాపని ముట్టుకోకండి. కడుక్కోండి."

"చెయ్యి జారితేనండీ?"

"బస్తాలు మోసే ఊరు కదండీ ఇది. ఇంతోటి పిల్లని జారవిడుస్తారా?"

"బస్తాలు ముఠావాళ్ళు మోస్తారండీ. నేను చీటీ రాస్తానంతే," అన్నారు నాన్న. అంత జ్వరంలోనూ అమ్మకి నవ్వొచ్చి, ఆ నవ్వు దగ్గయిపోయింది.

అప్పటికి వేసవిలో కోసిన దాళ్వా ధాన్యం ఆడటం అయిపోయింది, వానాకాలం సార్వా పంట ఇంకా చేలల్లోనే ఉంది. మిల్లులో పని తక్కువ. షావుకారు గారు సెలవిచ్చారు. నాన్న తలంటు పోసుకుని, పెట్టెలోంచి ఉతికిన చొక్కా తీసి తొడుక్కుని, పెళ్ళికి వెళ్ళే మనిషిలా వచ్చి వసారాలో కుర్చీలో కూర్చున్నారు. నేను పాలిచ్చి, ముఖానికి చీర చెంగు ముక్క కట్టుకుని, తల పక్కకి తిప్పుకుని పాపని ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన రెండు చేతులూ చాపి అలాగే ఉండిపోయారు. చాలాసేపు కదల్లేదు. ముక్కు మీద వాలిన ఈగని కూడా తోలుకోలేదు.

లోపలి గదిలోంచి అమ్మ కేకేసింది. "మెడ కింద చెయ్యి పెట్టారా?"

"పెట్టానే," అన్నారు నాన్న గుసగుసగా.

"ఏవండీ, మిమ్మల్నే! మెడ కింద చెయ్యి!"

"పెట్టానంటున్నానా," మళ్ళీ గుసగుసే.

అమ్మకి వినపడలేదు. ఇంకా గట్టిగా అరిచింది. ఆయన గొంతు పెంచితే పాప లేస్తుంది. ఏం చెయ్యాలో తోచక నావైపు దీనంగా చూశారు. చెల్లి దుప్పట్లోంచి తల బయటపెట్టి, "అమ్మా, పెట్టారటే! నువ్వరవకు, పడుకుంది," అంది. మా ఇంట్లో నాన్న మాట పక్కగదిలోకి వినపడకపోవడం అదే మొదలు.

రెండో రోజుకి ఆయనకి భుజాన వేసుకోవడం వచ్చింది. వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ ఏదో చెప్పేవారు. జోలపాటలు ఆయనకి రావు. నాకు జ్వరం తగ్గినప్పుడల్లా చెవి పెట్టి వినేదాన్ని. ఆయన పాపకి మిల్లు కబుర్లు చెబుతున్నారు. "ఈ ఏడు తడిసిన ధాన్యం ఎక్కువొచ్చింది తల్లీ. ఎండబెట్టమంటే వినరు. పచ్చిధాన్యం ఆడితే నూకైపోదూ?" పాప దానికే నిద్రపోయేది. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "మీ ఆయనకి గొంతు పోయిందేంటండీ?" అని అమ్మని అడిగింది.

ఆ రోజుల్లోదే ఇంకొక జ్ఞాపకం ఉంది. ఒక మధ్యాహ్నం పాప వసారాలో చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. చెల్లి గదిలోంచే దానివైపు చెవి వేసి కూర్చుంది. నాకు వణుకు పుట్టించే జ్వరం. కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాను. నుదుటి మీద ఒక బరువైన అరచెయ్యి పడింది. అమ్మ చెయ్యి కాదు. గరుకుగా ఉంది. నాకు ఊహ తెలిశాక నాన్న నన్ను అలా ముట్టుకున్న గుర్తు లేదు. కళ్ళు తెరిస్తే ఆ చెయ్యి తీసేస్తారని భయపడి నిద్రపోతున్నట్టే ఉన్నాను. కాసేపటికి ఆయన లేచి అమ్మ మంచం దగ్గరికి, చెల్లి దగ్గరికి కూడా వెళ్ళారు. "నాకొచ్చి తగ్గిందిగా, మీ దగ్గరికి రావడానికి నాకేం భయం," అని చెల్లితో అనడం వినపడింది. తర్వాత పెరట్లో కుళాయి విప్పి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటున్న చప్పుడు చాలాసేపు వినపడింది.

పాపకి ఏమీ కాలేదు. మేం ముగ్గురం కోలుకుని లేచాం. నాన్న మళ్ళీ పనిలోకి వెళ్ళారు. కానీ సాయంత్రం ఇంటికి రాగానే స్నానం చేసి, చొక్కా మార్చుకుని చేతులు చాపేవారు.

"ఇప్పుడు నేనెత్తుకుంటాను లెండి," అనేది అమ్మ.

"నీకింకా దగ్గు పోలేదు."

"నాకూ వచ్చి తగ్గిందండీ. డాక్టరమ్మ గారి లెక్కన నేనూ మీలాంటిదాన్నే."

"నీది నిన్న మొన్న తగ్గింది. నాది పాతది," అని పాపని లాక్కునేవారు. ఇందులో ఏ న్యాయం ఉందో మాకెవరికీ అర్థమయ్యేది కాదు. అమ్మ గొణుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళి, అక్కడ నాతో కళ్ళతోనే నవ్వేది.

పాపకి టీకా వేయించడానికి వెళ్ళిన రోజు ఆయనా కూడా వచ్చారు. టీకా అయ్యాక డాక్టరమ్మ గారిని మొహమాటంగా అడిగారు. "ఎన్నాళ్ళుంటుందండీ ఇది?"

"ఏదండీ?"

"అదే, నాకు వచ్చి తగ్గింది కదండీ. మళ్ళీ రాకుండా ఉండటం."

ఆవిడ కళ్ళజోడు తీసి నవ్వారు. "తట్టు లాంటివి ఒకసారి వచ్చి తగ్గితే దాదాపు జన్మంతా రావండీ. ఈ జ్వరం అలా కాదు. కొన్ని నెలలు ఉండొచ్చు, కొందరికి ఏడాది, ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు. ఇన్నాళ్ళని గీత గీసి చెప్పలేం. ఒక్కసారే పోదు. మెల్లిమెల్లిగా పలచబడుతుంది."

ఇంటికి వెళ్ళగానే ఆయన అమ్మతో, "ఏడాదికి పైనే ఉంటుందట," అన్నారు. పక్కనే ఉన్న నేను ఆవిడ చెప్పిందంతా విన్నాను. అయినా ఊరుకున్నాను.

నెలలు గడిచాయి. నాకు బాలింత నీరసం తగ్గలేదని, అయిదో నెల వచ్చాక పంపుతామని అమ్మ మా ఆయనకి ఉత్తరం రాయించింది. సార్వా కోతలు మొదలై మిల్లు రాత్రీ పగలూ ఆడుతోంది. రోడ్డు మీద లారీలు బారులు తీరాయి. ఒక సాయంత్రం నాన్న సైకిలు చప్పుడు వినగానే పాప నా చేతుల్లోంచి ముందుకి దూకబోయింది. అప్పటికి అది ఆయన్ని చూస్తే చేతులు చాపి ఒక రకమైన కూత పెట్టేది. కానీ ఆయన గేటు తియ్యలేదు. అవతలే నిలబడిపోయారు. ముక్కు ఎర్రబడి ఉంది, కళ్ళు నీళ్ళు కారుతున్నాయి.

"దాన్ని లోపలికి తీసుకెళ్ళమ్మాయ్."

"ఏమైంది నాన్నా?"

"రొంప," అన్నారు. ఎవరికో మాటిచ్చి తప్పిన మనిషిలా తల దించుకున్నారు. నేను పాపని లోపలికి తీసుకెళుతుంటే అది నా భుజం మీంచి వెనక్కి వంగి, గుక్క పట్టి ఏడ్చింది. ఆయన గేటు ఊచ పట్టుకుని, మేం కనుమరుగయ్యేదాకా అలాగే నిలబడి ఉన్నారు.

మర్నాడు పాపని అమ్మకి అప్పగించి, నేనే ఆయన్ని డాక్టరమ్మ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. కూర్చోగానే ఆయన అన్న మొదటి మాట, "ఏడాది కూడా కాలేదండీ!"

ఆవిడకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఇది అది కాదండీ," అన్నారు నెమ్మదిగా. "అప్పుడు వచ్చింది ఫ్లూ. ఇది వట్టి రొంప. మనం రొంప అని ఒక్క పేరు పెట్టుకున్నాం గానీ, దాన్ని తెచ్చే క్రిములు వందకి పైగా రకాలున్నాయి. ఏది వచ్చి తగ్గిందో దాన్నే ఒళ్ళు బాగా గుర్తు పెట్టుకుంటుంది. మిగతావి చాలావరకు దానికి కొత్తే. ఆ ఫ్లూ కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు, వేషం మార్చుకుని వస్తుంది. అప్పుడు ఒళ్ళు సగం గుర్తుపడుతుంది, సగం పట్టదు."

"సగం గుర్తుపడితే ఏం లాభమండీ?"

"తేలిగ్గా పోతుంది. వచ్చినా మనిషిని మరీ పడగొట్టదు."

నాన్న కుర్చీ ముందుకి జరుపుకుని, "మరి పాపకండి?" అన్నారు. "దానికి ఇప్పటిదాకా ఏమీ రాలేదు. మేం రానివ్వలేదు. దాని ఒంటికేం గుర్తుంటుందండీ?"

"కడుపులో ఉన్నప్పుడు వాళ్ళమ్మ ఇచ్చింది కొంత ఉంటుంది. అది ఈపాటికి తరిగిపోతూ ఉంటుంది. ఆ తర్వాత దానిది అదే సంపాదించుకోవాలి."

"ఎలాగండీ?"

"కొన్నింటికి మన టీకాలున్నాయి. ఇలాంటివాటికి మాత్రం జబ్బు పడి, లేవడమేనండీ. పిల్లలందరూ అలాగే పెరుగుతారు."

తిరిగి వచ్చేటప్పుడు ఆయన సైకిలెక్కలేదు. నా పక్కనే నడిపించుకుంటూ వచ్చారు. కాలవ వంతెన దాటాక, "పిడికెడంత పిల్ల. అదేం సంపాదించుకుంటుందమ్మాయ్," అన్నారు. నా పిల్లకి నేనిచ్చింది కరిగిపోతోందన్న మాట నాకూ లోపల కలుక్కుమంటూనే ఉంది. "డాక్టరమ్మ గారు ఉన్నారుగా నాన్నా," అన్నాను.

ఆయన వసారాలోనే పడక వేసుకున్నారు. కంచం వేరు, గ్లాసు వేరు. పాప గడప దగ్గర బోర్లాపడి, తలెత్తి ఆయన్ని చూసి పిలిచేది. ఆయన తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దూరం నుంచే తలూపేవారు. ఇంత జాగ్రత్తపడినా నాలుగైదు రోజులకి పాప ముక్కు కారడం మొదలైంది. సాయంత్రానికి ఒళ్ళు కాలింది.

"నా వల్లే," అన్నారు నాన్న.

"మీ వల్లేనని ఎవరన్నారు?" అంది అమ్మ. "చిన్నదానికి కాలేజీ లేదా? నాకు బజారు లేదా? వీధిలో ప్రతి ఇంట్లోనూ రొంపేగా. గాలికి ఎవరడ్డం పెడతారండీ?"

డాక్టరమ్మ గారు పాపని చూసి, ముక్కులో వేయడానికి ఉప్పునీటి చుక్కలు, జ్వరానికి మందు ఇచ్చారు. ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి లాగుతున్నా, పాలు తాగడం బొత్తిగా మానేసినా వెంటనే తీసుకురమ్మన్నారు. నాన్న ఆ రెండు మాటలూ ఆవిడ ముందే మళ్ళీ చెప్పి చూసుకున్నారు. అప్పటికి ఆయన రొంప తగ్గింది. మిల్లులో ఊపిరాడని సీజను. అయినా ఆయన వెళ్ళలేదు. షావుకారు గారు మనిషిని పంపితే, "పాపకి బాగాలేదని చెప్పు. తగ్గాక వస్తాను," అన్నారంతే.

పాపకి ముక్కు బిగిసి పడుకుంటే ఊపిరాడేది కాదు. నిటారుగా భుజాన వేసుకుంటేనే నిద్ర. నా భుజం మీద ఏడిచేది, అమ్మ భుజం మీద ఏడిచేది. చివరికి ఆయన భుజం మీద వాలి, మెడ వంపులో ముఖం దాచుకుని కళ్ళు మూసుకునేది. దాని చీమిడి ఆయన చొక్కా కాలరుకి అంటుకునేది. ఆయన తుడుచుకునేవారు కాదు. మాటిమాటికీ పాప చొక్కా ఎత్తి డొక్కలు చూసేవారు. మళ్ళీ చొక్కా దించి నడిచేవారు. నేను చుక్కలు వేసి, కాస్త ముక్కు వదిలాక రొమ్ముకి పట్టేదాన్ని. నాలుగు గుక్కలు తాగి వదిలేసేది. ఆ నాలుగు గుక్కలకే ఆయన నావైపు చూసి, నేను పరీక్ష పాసైనట్టు తలూపేవారు.

మూడో రోజు పొద్దున్న పాపకి చెమట పట్టింది. నుదురు చల్లబడింది. ఆకలితో ఏడ్చి, ఆపకుండా పాలు తాగి, ఆయాసంతో ఆగి, మళ్ళీ తాగింది. తర్వాత తల తిప్పి నాన్నని చూసి నవ్వింది. ఆయన వసారా మెట్టు మీద కూర్చుండిపోయారు. అమ్మ కాఫీ ఇస్తే చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోయారు.

సాయంత్రం డాక్టరమ్మ గారు దాని గుండెలు చూసి, "బావుంది. ఇదుగో, సొంతంగా ఒకటి సంపాదించింది," అన్నారు.

అది ఎన్నాళ్ళుంటుందని ఆయన అడుగుతారనుకున్నాను. అడగలేదు. "ఆయ్," అని, పాప తల మీద టోపీ సరిచేశారు.

మర్నాడు ఎండ బాగా కాసింది. అమ్మ పాప గుడ్డలన్నీ వేన్నీళ్ళలో నానబెట్టి ఉతికింది. మిల్లుకి బయలుదేరబోతూ నాన్న సైకిలు స్టాండు వేసి, ఆ బకెట్టు అందుకున్నారు. వీధిలోకి కనపడేలా కట్టిన తీగ మీద చిన్న చిన్న చొక్కాలు, పొత్తిగుడ్డలు, ఊలు టోపీ ఒక్కొక్కటే దులిపి ఆరేయడం మొదలుపెట్టారు. మిల్లుకి వెళ్ళే కూలీలు ఇద్దరు ఆగి చూశారు. ఆయన వాళ్ళవైపు చూడలేదు. చొక్కాలన్నీ తిరగేసి ఆరేస్తున్నారు, కుట్లున్న వైపు బయటికి పెట్టి.

నేను సాయం వెళ్ళబోతే అమ్మ గుమ్మంలో నా చెయ్యి పట్టుకుంది.

"ఉండు. ఆయన్ని ఆరేయనీ."